వయొలిన్ ఎక్కడ నేర్పించాలి? బెజవాడలో మూడు చోట్ల తిరిగాక తేలిన లెక్క

మా అమ్మాయి ఎనిమిది నెలల పాటు అంతర గాంధారాన్ని, అంటే 'గ' స్వరాన్ని, తప్పుగా వాయించింది. ఆ సంగతి మాకూ తెలియదు, తనకీ తెలియదు. సంక్రాంతికి వచ్చిన మా పెదనాన్న గారు భోజనం అయ్యాక, "ఏదీ, సరళీ స్వరాలు వాయించు తల్లీ" అన్నారు. ఆయనేమీ విద్వాంసుడు కాదు. కుర్రతనంలో నాలుగేళ్లు గాత్రం నేర్చుకున్నారంతే. మూడో వరస దాకా విని, పిల్ల లోపలికి వెళ్లాక నాతో మెల్లగా అన్నారు: "గాంధారం కిందకి దిగిపోతోందిరా. ఎవరూ చెప్పట్లేదా?"

ఎవరూ చెప్పట్లేదు. అప్పటికి నెలనెలా ఫీజు కడుతూనే ఉన్నాం.

సంగతేమిటంటే, కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలన్నీ మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. అందులో రిషభం (రి) షడ్జం (స) పక్కనే ఉంటుంది, గాంధారం మాత్రం దూరంగా వెళ్లి మధ్యమాన్ని (మ) ఆనుకుని కూర్చుంటుంది. వయొలిన్ మీద మొదటి వేలు రిషభానికి, రెండో వేలు గాంధారానికి. అంటే ఆ రెండు వేళ్ల మధ్య బాగా ఎడం ఉండాలి, రెండో వేలు సాగి మూడో వేలికి తగిలేంత దగ్గరగా పడాలి. ఎనిమిదేళ్ల పిల్ల వేలు అంత దూరం సాగదు. ఎక్కడ హాయిగా ఉంటే అక్కడే ఆగిపోతుంది. పక్క తీగ మీద ధైవత నిషాదాల (ద, ని) దగ్గరా ఇదే కథ. వీణకైతే వేలు ఎక్కడ నొక్కాలో చూపే మెట్లుంటాయి, గిటార్‌కీ ఉంటాయి. అక్కడ వేలు కాస్త అటూ ఇటూ అయినా స్వరం దాదాపు పలికేస్తుంది. వయొలిన్ మెడ నున్నగా ఉంటుంది. తప్పు చోట వేలు పెడితే తప్పు స్వరమే వస్తుంది. నాలుగు వారాలు అదే వాయిస్తే చెవికి అదే ఒప్పుగా వినిపించడం మొదలవుతుంది.

అందుకే వయొలిన్ క్లాసు ఎంచుకోవడం వేరు, కీబోర్డు క్లాసు ఎంచుకోవడం వేరు. ఆ తర్వాత రెండేళ్లలో మేం రెండు చోట్లు మారాం. మా ఆఫీసులో, మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల్ని చేర్పించాలనుకున్న వాళ్లంతా నన్నే అడుగుతున్నారు కాబట్టి, ఒకసారి రాసి పెడితే పోతుందనిపించింది.

ముందు చూడాల్సిన లెక్క

అందరూ మొదట అడిగేది ఫీజు ఎంత అని. తర్వాత, మాస్టారికి పేరుందా అని. నేనైతే మొదట అడగమనేది వేరు: మొదటి ఏడాదిలో, వారానికి ఎన్ని నిమిషాలు ఒక మంచి చెవి మీ పిల్ల వాయింపు ఒక్కదాన్నే వింటుంది?

మా మొదటి క్లాసు లెక్క చెప్తాను. గంట క్లాసు, తొమ్మిది మంది పిల్లలు, వారానికి రెండు రోజులు. తొమ్మిది వయొలిన్లకీ మాస్టారే శ్రుతి చెయ్యాలి. తీగలు బిగించే బిరడలు జారిపోతుంటాయి, ఒకరిది సరిచేసేసరికి ఇంకొకరిది దిగుతుంది. పావుగంట అక్కడే పోతుంది. మిగిలిన ముప్పావుగంటలో ఎక్కువ భాగం అందరూ కలిసి వాయించడమే. తొమ్మిది మంది ఒకేసారి వాయిస్తుంటే దిగిపోయిన గాంధారం ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? ఒక్కొక్కరి చేత విడిగా వాయించి విన్నా మనిషికి ఐదు నిమిషాలు. అంటే వారానికి పది నిమిషాలు. ఇంట్లో రోజుకి అరగంట సాధన చేస్తే వారానికి మూడున్నర గంటలు. పది నిమిషాల దిద్దుబాటు మూడున్నర గంటల తప్పుని ఏం ఆపుతుంది?

దీన్ని తిరగేసి చూస్తే ఫీజు లెక్క కూడా మారిపోతుంది. నెలకి 1,500 తీసుకుని నలభై నిమిషాలు వినే చోటు, 2,500 తీసుకుని రెండు గంటలు వినే చోటు ఉన్నాయనుకోండి. రెండోదే చవక. మొదటి చోట చేరితే, తర్వాత తప్పులు విడిపించడానికి ఇంకో ఖర్చు ఉంటుంది. మా అమ్మాయి గాంధారం సర్దుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ కొత్త పాఠం ఒక్కటి లేదు, ఏడుపులు మాత్రం చాలా ఉన్నాయి.

రెండో లెక్క దూరం. మేం భవానీపురంలో ఉంటాం. మొదటి క్లాసు పటమటలో. సాయంత్రం ఆరింటి క్లాసుకి ఐదింటికే బయల్దేరినా బెంజి సర్కిల్ దగ్గర ఏమవుతుందో చెప్పలేం. దసరా పది రోజులూ దుర్గ గుడి కొండ చుట్టూ వాహనాల మళ్లింపు, ఆ రెండు వారాలు క్లాసుకి నామం. వాన పడితే నామం, స్కూల్లో పరీక్షలుంటే నామం. చివరికి లెక్కేస్తే మూడో వంతు క్లాసులకి వెళ్లనే లేదు. స్కూటర్ మీద ఇరవై నిమిషాలు దాటే చోట ఎంత గొప్ప మాస్టారున్నా, పదేళ్లలోపు పిల్లలకి వద్దనే నేను చెప్తాను. దీనికి ఒక్క మినహాయింపు ఉంది, గుంటూరు వాళ్ల సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

పరీక్షలు, సర్టిఫికెట్లు, వార్షికోత్సవంలో స్టేజి అంటారా, అవన్నీ ఆ తర్వాతి మాటలు.

కర్ణాటకమా, వెస్టర్నా? ఇది తేలకుండా చోటు తేలదు

ఇది తేల్చుకోకుండా చేరే వాళ్లు చాలా మంది ఉన్నారు. "వయొలిన్ అంటే వయొలినే కదండీ" అంటారు. పెట్టె ఒకటే, పద్ధతి ఒకటి కాదు.

కర్ణాటకంలో కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. వయొలిన్ చివరి చుట్ట కుడి పాదం మీద ఆనుతుంది. దాంతో ఎడమ చెయ్యికి వయొలిన్ మోసే పని ఉండదు, మెడ మీద పైకీ కిందకీ జారగలదు. గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే ఒంపులు, పలకాలంటే ఆ జారుడే ప్రాణం. వెస్టర్న్‌లో నిలబడో కుర్చీలో కూర్చునో, గడ్డం కింద బిగించి వాయిస్తారు. తీగల శ్రుతీ వేరే: వెస్టర్న్‌లో జి, డి, ఎ, ఇ. మనకి స, ప, స, ప, అదీ పాడేవాళ్ల శ్రుతిని బట్టి. ఒకే వయొలిన్ని అక్కకి కర్ణాటకం, తమ్ముడికి వెస్టర్న్ అని పంచుకుందామనుకుంటే కుదరదు. రోజూ బిగించి వదులు చేస్తుంటే సన్న తీగ తెగుతుంది.

మన ఊళ్లో గాలి ఎటు వీస్తుందో కూడా చూసుకోవాలి. 19వ శతాబ్దం మొదట్లో బాలుస్వామి దీక్షితులు ఈ పరదేశపు వాద్యాన్ని మన కచేరీలోకి తెచ్చినప్పటి నుంచీ ఇది గాత్రం వెంట నడిచే వాద్యం. బెజవాడలో ఆ సంబంధం ఇంకా చిక్కన. త్యాగరాజస్వామి శిష్యపరంపరలో వచ్చిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులు ఇక్కడ వేళ్లూనుకున్నారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు గాత్రంలో శిఖరమే అయినా వయొలిన్, దానికన్నా కాస్త పెద్దదైన వయోలా కూడా వాయించేవారు. ఆయన సహాధ్యాయి అన్నవరపు రామస్వామి గారు వయొలిన్‌కే అంకితమై, విజయవాడ ఆకాశవాణిలో దశాబ్దాలు పనిచేసి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ ఊళ్లో నేర్పే పాతకాలపు మాస్టార్లలో చాలా మంది "ముందు పాడు, తర్వాత వాయించు" అంటారంటే ఆ వాసనే. మీ పిల్లకి పాడటం ఇష్టమైతే ఇది వరం. నోరు విప్పని పిల్లాడైతే మొదటి ఆరు నెలలు ఇబ్బంది పడతాడు, ఆ తర్వాత వాడికే మేలు జరుగుతుంది.

వెస్టర్న్ కావాలనుకునే వాళ్లూ ఉంటారు, తప్పేం లేదు. చర్చి క్వయర్‌లో వాయించాలన్నా, సినిమా ఆర్కెస్ట్రా వైపు వెళ్లాలన్నా, రేపు విదేశాల్లో స్కూల్ ఆర్కెస్ట్రాలో చేరాలన్నా స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద రాసే వెస్టర్న్ స్వరలిపి, చదవడం రావాలి. సినిమా పాటలు వాయించడమే సరదా అయితే రెండింటిలో ఏదైనా సరే. కానీ రెండేళ్లు ఒకటి నేర్చి రెండోదానికి మారితే, తీగల మీద లాగే కమాను పట్టుకోవడం దగ్గర్నుంచి చాలా వదిలించుకోవాలి.

సంగీత కళాశాల

దుర్గాపురంలో ఉన్న ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల గురించి. బాలమురళీకృష్ణ గారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న చోటు. నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు, దాని తర్వాత రెండేళ్ల డిప్లొమా. సిలబస్ ఉంటుంది, థియరీ ఉంటుంది, పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ సంస్థ కాబట్టి ఫీజు బయటితో పోలిస్తే భారం కాదు.

ఇక్కడి అసలు లాభం పక్కగది. మీరు వయొలిన్ వాయిస్తుంటే పక్కన గాత్రం, ఆ పక్కన మృదంగం. రెండో ఏడాదికల్లా తోటి విద్యార్థి పాడుతుంటే వెనక వాయించే అవకాశం వస్తుంది. ఇంట్లో ఒక్కరే నేర్చుకునే వాళ్లకి ఇది ఎంత వెతికినా దొరకదు. మేళకర్తలు, తాళాంగాలు, వాగ్గేయకారుల చరిత్ర, ఇవన్నీ ఒక క్రమంలో వస్తాయి. రేపు సంగీతం టీచర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే చేతిలో కాగితం ఉండాలి. అది ఇక్కడ దొరుకుతుంది.

ఇబ్బంది కూడా సిలబస్ దగ్గరే. క్లాసు బ్యాచ్‌తో నడుస్తుంది. మీ గాంధారం కుదరలేదని బ్యాచ్ ఆగదు. పరీక్ష దగ్గర పడితే వర్ణం (గీతాల తర్వాత, కృతులకి ముందు వచ్చే పాఠం) ఎలా పలుకుతోందనే దానికన్నా, ఎన్ని వర్ణాలయ్యాయనే దాని మీదకి దృష్టి మళ్లుతుంది. ప్రవేశాలు విద్యా సంవత్సరం మొదట్లోనే. పదేళ్లు నిండని పిల్లలకి సాధారణంగా ఇది దారి కాదు.

నా మాట అడిగితే, ఇది రెండో మెట్టు. ఒక మాస్టారి దగ్గర రెండు మూడేళ్లు వేళ్లు కుదురుకున్నాక కళాశాలలో చేరిన పిల్లలు బాగా పైకొస్తారు. పెద్దవాళ్లకి మాత్రం మొదటి మెట్టుగానూ పనికొస్తుంది. సిలబస్ అనే తాడు కట్టకపోతే నాలాంటి వాళ్లు మూడో నెలలోనే మానేస్తారు.

మాస్టారి ఇల్లు

సత్యనారాయణపురం, గాంధీనగర్, మొగల్రాజపురం వీధుల్లో సాయంత్రం నడిస్తే ఏదో ఒక డాబా మీద నుంచి జంట స్వరాలు వినిపిస్తాయి. బోర్డు ఉండదు. సభలో కచేరీ అయ్యాక పక్కన కూర్చున్న పెద్దాయన్ని అడిగితే చెప్తారు. మా మూడో చోటు అలానే దొరికింది, తుమ్మలపల్లి వారి కళాక్షేత్రంలో ఒక సాయంత్రం.

మొదటి రోజు మా అమ్మాయి వయొలిన్ చేతికి ఇస్తే మాస్టారు మెడ మీద అతికించిన రంగు చుక్కలు చూశారు. మొదటి క్లాసులో ఏ స్వరం ఎక్కడో తెలియడానికి అంటించినవి. ఏమీ అనలేదు. గోటితో ఒక్కొక్కటీ గీకి తీసేసి, "ఇవి కంటికమ్మా. చెవికేం పెట్టారు మీ వాళ్లు?" అన్నారు. తర్వాత శ్రుతి పెట్టె ఆన్ చేసి, పావుగంట సేపు షడ్జం తీగ ఒక్కటే వాయించమన్నారు. పొడుగు కమాను, అటు చివర నుంచి ఇటు చివరకి. నాకు మతిపోయింది, దీనికా ఫీజు అని. పదో నిమిషంలో కీచుమనే శబ్దం ఆగిపోయింది. అన్ని నెలల్లో తీగ శుభ్రంగా పలకడం మొదటిసారి విన్నాను.

ఇక్కడ వారానికి రెండు రోజులు, ఒకేసారి ముగ్గురు పిల్లలు. ఒకరు వాయిస్తుంటే ఇద్దరు వింటూ తాళం వెయ్యాలి. ముందు నాకు అది టైమ్ వేస్ట్ అనిపించింది. నిజానికి సగం చదువు ఆ వినడంలోనే ఉంది. పక్కపిల్ల తప్పు వాయిస్తే మా అమ్మాయి మొహం చిట్లించడం చూశాక, ఇంక చెవి గురించి టెన్షన్ పడక్కర్లేదని అర్థమైంది.

అంతా బాగుందని కాదు. మాస్టారికి పెళ్లిళ్ల సీజన్‌లో, మార్గశిరంలో, త్యాగరాజ ఆరాధనల రోజుల్లో కచేరీలుంటాయి. క్లాసులు ఎగిరిపోతాయి, ఒక్కోసారి వెళ్లాకే తెలుస్తుంది. రశీదు ఉండదు, సిలబస్ ఉండదు. "గీతాల్లోకి ఎప్పుడు వెళ్తాం?" అని అడిగితే, "వెళ్తాం" అంటారు. అడగడానికి మొహమాటం, మానడానికి ఇంకా మొహమాటం. మాస్టారి స్వభావం పిల్లకి పడకపోతే ఇంకో మాస్టారు లేరు, ఆ ఇంట్లో ఆయనొక్కరే. గట్టిగా అరిచే వాళ్లు ఉన్నారు. అరిస్తే వస్తుందనే కాలం పోయింది. అలాంటి చోట పిల్లని ఉంచకండి, ఎంత విద్వత్తున్నా సరే.

మ్యూజిక్ అకాడమీలు

గిటార్, కీబోర్డు, డ్రమ్స్, డాన్స్, మధ్యలో వయొలిన్ కూడా. ఏసీ గదులు, టైమ్ అంటే టైమ్, మిస్ అయిన క్లాసుకి ఇంకో రోజు, వాట్సాప్‌లో మెసేజ్. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఇవేమీ చిన్న విషయాలు కావు. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్లవి లాంటి గ్రేడ్ పరీక్షలు రాయించే చోట వెస్టర్న్ క్రమంగా వస్తుంది. ఇనిషియల్ నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా మెట్లు స్పష్టం.

జాగ్రత్తలు రెండే. మొదటిది, వయొలిన్ మాస్టారు వయొలినిస్టేనా? కీబోర్డు మాస్టారే వయొలిన్ కూడా చెప్పే చోట్లున్నాయి. ఆయనకి స్వరాలు తెలుసు, కానీ కమాను మణికట్టు ఎలా తిరగాలో తెలియదు. మొహమాటం లేకుండా అడగండి: "ఒక్క వర్ణం వాయిస్తారా, మా పిల్లకి ఉత్సాహంగా ఉంటుంది." వాయించగలిగిన వాళ్లు సంతోషంగా వాయిస్తారు. సాకులు చెప్పే వాళ్ల సంగతి మీకే తెలిసిపోతుంది. రెండోది, మాస్టార్లు ఎన్నాళ్లు ఉంటున్నారు? మా మొదటి చోట ఎనిమిది నెలల్లో ముగ్గురు మారారు. ముగ్గురూ మొదటి నుంచి మొదలుపెట్టారు, ముగ్గురూ గాంధారాన్ని వదిలేశారు.

వెస్టర్న్ నేర్పించాలంటే నేను మంచి అకాడమీకే ఓటేస్తాను. కర్ణాటకానికైతే బ్యాచ్‌లో నలుగురు మించకపోతేనే.

ఇంటికి వచ్చే మాస్టారు

ఖర్చు ఎక్కువ, కానీ దిద్దే సమయమంతా మీ పిల్లకే. పిల్ల కదలక్కర్లేదు, మీకు ట్రాఫిక్ బాధ లేదు. కానీ తోటి పిల్లల వాయింపు వినే యోగం ఉండదు. టీవీ పక్కగదిలోనే, బంధువులొస్తే క్లాసు ఆగుతుంది, "ఇవాళ వద్దు మాస్టారూ" అనడం చాలా తేలికైపోతుంది. కదల్లేని పెద్దవాళ్లకి, ఇద్దరు పిల్లలు కలిసి నేర్చుకునే ఇళ్లకి తప్ప నేను చెప్పను.

ఆన్‌లైన్

లాక్‌డౌన్ తర్వాత ఇది మామూలైపోయింది. చెన్నైలో ఉన్న విద్వాంసుడి దగ్గర భవానీపురంలో కూర్చుని నేర్చుకోవచ్చు. కానీ మొదలుపెట్టే వాళ్లకి వద్దు.

ఎందుకంటే వీడియో కాల్ యాప్‌లు మాటల కోసం తయారయ్యాయి. ఆగకుండా సాగే శబ్దాన్ని అవి ఫ్యాన్ మోత అనుకుని అణిచేస్తాయి. శ్రుతి పెట్టె మోగుతూ ఉంటుంది, అవతలి మాస్టారికి వినిపించదు. పిల్ల పొడుగు కమాను వాయిస్తే మధ్యలో శబ్దం సన్నగిల్లిపోతుంది. కొన్ని యాప్‌లలో ఒరిజినల్ సౌండ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేస్తే చాలా వరకు సర్దుకుంటుంది. అయినా శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. కెమెరా ముందు నుంచి పెడితే కమాను వంకర పోవడం కనిపిస్తుంది, ఎడమ మణికట్టు కనిపించదు. పక్క నుంచి పెడితే ఇది కనిపిస్తుంది, అది కనిపించదు. అన్నిటికన్నా ముఖ్యం, బిరడ జారితే శ్రుతి చేసేది ఎవరు? ఏడేళ్ల పిల్లా, శ్రుతి అంటే తెలియని తండ్రా?

మూడు నాలుగేళ్లు అయ్యాక, చెవి కుదిరాక, ఒక కృతి ఫలానా వారి బాణీలో కావాలంటే అప్పుడు ఆన్‌లైన్ అద్భుతం.

ఒక్క చూపులో కావాలంటే ఇదీ లెక్క. నిమిషాలు నేను చూసిన, అడిగి తెలుసుకున్న చోట్లని బట్టి వేసుకున్న ఉజ్జాయింపు మాత్రమే.

| చోటు | వారానికి ఒక్కరికే దక్కే సమయం | బాగా ఉండేది | ఇబ్బంది |
|---|---|---|---|
| సంగీత కళాశాల | బ్యాచ్‌ని బట్టి, తక్కువే | క్రమం, థియరీ, తోటి కళాకారులు, కాగితం | బ్యాచ్ వేగం, చిన్నపిల్లలకి కాదు |
| మాస్టారి ఇల్లు | 40 నిమిషాల పైనే | చెవి, బాణీ, వినికిడి | కచేరీల సెలవులు, మొహమాటం |
| అకాడమీ | 10 నుంచి 30 నిమిషాలు | వేళలు, గ్రేడ్ పరీక్షలు | మాస్టార్లు మారడం, పెద్ద బ్యాచ్‌లు |
| ఇంటికి వచ్చే మాస్టారు | క్లాసు మొత్తం | ప్రయాణం లేదు | ఖర్చు, ఒంటరి చదువు |
| ఆన్‌లైన్ | క్లాసు మొత్తం, శబ్దం సగం | ఏ ఊరి విద్వాంసుడైనా | మొదలుపెట్టే వాళ్లకి పనికిరాదు |

ఎవరికి ఏది

ఏడు నుంచి పదేళ్ల పిల్లలకి దగ్గర్లో ఉన్న మాస్టారి ఇల్లు. పేరున్న మాస్టారు దూరంగా, పేరులేని మంచి మాస్టారు దగ్గర్లో ఉంటే రెండో ఆయనే.

ఎనిమిదో తరగతి పిల్లాడిని కొత్తగా చేర్పించే వాళ్లు ముందుగా ఒక మాట ఆలోచించుకోవాలి. మన బెజవాడ, గుంటూరుల్లో పదో తరగతి, ఇంటర్ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? పొద్దున్న ఆరింటికి వెళ్లి రాత్రి తొమ్మిదింటికి వచ్చే పిల్లాడికి కమాను ఎప్పుడు పట్టాలి? రెండేళ్లలో వర్ణాల దాకా వచ్చేస్తే ఇంటర్ రెండేళ్లు ఆపినా చెయ్యి పూర్తిగా పోదు. అలంకారాలనే మొదటి మెట్టు పాఠాల దగ్గర ఆపితే మళ్లీ మొదటికే. కాబట్టి ఈ వయసు వాళ్లకి వారానికి మూడు రోజులు చెప్పే మాస్టారు కావాలి, డబ్బు కాస్త ఎక్కువైనా. హాస్టల్‌లో వేసే ఉద్దేశం ఉంటే ఇప్పుడే మొదలుపెట్టకండి.

ఇప్పటికే గాత్రం నేర్చుకుంటున్న పిల్లలైతే గాత్రం మాస్టారినే అడగండి. ఆయన పంపిన చోటికి వెళితే బాణీ ఒకటే ఉంటుంది, పాఠాంతరాల గొడవ రాదు. ఒకే కృతిని గాత్రం క్లాసులో ఒక సంగతితో (ఒకే పంక్తిని మలిచి పాడే తీరుతో), వయొలిన్ క్లాసులో ఇంకో సంగతితో నేర్చుకుని ఏది ఒప్పని మాస్టార్లిద్దరి మధ్య నలిగిన పిల్లని చూశాను.

నలభై దాటిన ఉద్యోగులకి రెండు దారులు. వేళలు కుదిరితే సంగీత కళాశాల, లేకపోతే ఆదివారం పొద్దున్న మాస్టారి ఇల్లు. పిల్లల బ్యాచ్‌లో కూర్చోవడానికి సిగ్గుపడకండి. నేను కూర్చున్నాను. నాకన్నా ముప్పై ఏళ్లు చిన్నది "అంకుల్, మీ మోచెయ్యి" అని దిద్దింది. కింద కూర్చోవడం మోకాళ్లకి కష్టమైతే ముందే చెప్పండి, చిన్న ఎత్తు వేసుకోవచ్చు. పెద్దవాళ్లకి చెవి త్వరగా పడుతుంది, వేళ్లు ఆలస్యం. పిల్లలకి దీనికి తిరగవేసి ఉంటుంది.

గుంటూరు వాళ్లకి. బ్రాడీపేట, అరండల్‌పేట వైపు ఇళ్లలో నేర్పే వాళ్లున్నారు, ముందు అక్కడే వెతకండి. బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడి అన్నమయ్య కళావేదిక దగ్గర కచేరీ అయ్యాక పక్కవాద్యం వాయించిన వారిని పలకరిస్తే దారి దొరుకుతుంది. విజయవాడ ముప్పై అయిదు కిలోమీటర్లే కదా అని పిల్లల్ని వారానికి రెండుసార్లు తిప్పకండి. బస్సులో పోనూ రానూ రెండున్నర గంటలు, అరగంట క్లాసు, ఆరు నెలలకి మించి ఎవరూ నిలబడలేరు. నేను దూరానికి చెప్పిన మినహాయింపు ఇక్కడ. వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చిన పిల్లలు, రేపు ఆకాశవాణి ఆడిషన్‌కి వెళ్లాలనుకునే పిల్లలు, వాళ్లు పదిహేను రోజులకి ఒకసారి బెజవాడ వచ్చి రెండు గంటలు కూర్చుని, రికార్డు చేసుకుని వెళ్తే సరిపోతుంది. ఆ దశలో రోజూ దిద్దే మనిషి అక్కర్లేదు, వాళ్ల చెవే దిద్దుతుంది.

చేరే ముందు ఒక్కసారి వెళ్లి కూర్చోండి

డెమో క్లాసు అంటే చాలా చోట్ల మీ పిల్లని కూర్చోబెట్టి కమాను పట్టించి ఫొటో తీస్తారు. దానివల్ల మీకు ఏమీ తెలియదు. మామూలు క్లాసులో ఒక మూల కూర్చోనివ్వమని అడగండి. మాస్టారు తన వయొలిన్ తీసి వాయించి చూపిస్తున్నారా, లేక నోటితో చెప్పి ఫోన్ చూసుకుంటున్నారా? పిల్ల తప్పు వాయించిన క్షణంలో ఆపుతున్నారా, వరస అయ్యాక చెప్తున్నారా, అసలు చెప్పట్లేదా? శ్రుతి పెట్టె మోగుతోందా? మూడేళ్లుగా అక్కడే నేర్చుకుంటున్న ఒక్క పిల్లని వాయించమనండి. మూడేళ్లుగా నేర్చుకుంటున్న వాళ్లు ఎవరూ లేకపోతే అదీ ఒక సమాధానమే.

వయొలిన్ ముందే కొనకండి. పండగ ఆఫర్‌లో ఆన్‌లైన్‌లో ఫుల్ సైజు తెప్పించేసి, తొమ్మిదేళ్ల పిల్ల చేతికిచ్చిన వాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు. పిల్లలకి అర సైజు, ముప్పావు సైజు ఉంటాయి. వయొలిన్ని మెడ దగ్గర పెట్టి ఎడమ చెయ్యి చాపితే చివరి చుట్ట అరచేతిలోకి హాయిగా రావాలి. మాస్టారి దగ్గర పెద్ద సైజుకి మారిన పిల్లల పాతవి దొరుకుతాయి, వాటికి వాయించి వాయించి నాదం వచ్చి ఉంటుందంటారు. కొన్నాక మే నెల ఎండలో కారులో మాత్రం వదలకండి. వయొలిన్ ముక్కలు అతికించే జిగురు వేడికి వదులైపోతుంది.

మా ముప్పావు సైజు ఇప్పుడు గుంటూరులో మా తమ్ముడి కొడుకు దగ్గర ఉంది. రెండో బిరడ కాస్త జారుతుంది, సుద్దముక్క రాస్తే నిలబడుతుందని ఇచ్చేటప్పుడే చెప్పాను. వాడికి ఇంకా క్లాసు కుదరలేదు. వచ్చే ఆదివారం అరండల్‌పేటలో ఒక టీచర్ గారి క్లాసులో మూల కూర్చోవడానికి వెళ్తున్నాం. మా అమ్మాయి కూడా వస్తానంది, గాంధారం తను వింటుందట.